కాగితము మీది గుళికలు

రెండు కాగితముల నడుమ నల్లని కార్బను రేకు నుంచి రసీదు వ్రాయు పద్ధతి తామెఱుగనిది కాదు. పంచెకు మసి అంటించుకొనని గుమాస్తాను నేనింతవఱకు చూచి యెఱుగను. ఆ మసిని తొలగింపవలెనను యత్నము నుండియే నేను చెప్పబోవు సూక్ష్మగుళికలు పుట్టినవి.

అమెరికాలో ఓహియో రాష్ట్రమందలి డేటన్ నగరమున, నేషనల్ క్యాష్ రిజిస్టర్ అను సంస్థయందు బారెట్ గ్రీన్, లోవెల్ ష్లైకర్ అను రసాయనజ్ఞు లిరువురు 1953లో ఈ పని సాధించిరి. వారి సామగ్రి మిక్కిలి సామాన్యము. మొదటిది జెలటిన్, అనగా ఎముకలు, తోళ్లు ఉడికించి తీసిన జిగురు. రెండవది తుమ్మబంక, మన నల్లతుమ్మది కాదు, సూడాను ప్రాంతమున పెరుగు దాని దాయాదిది.

గోరువెచ్చని జిగురునీటిలో, రంగు కానరాని యొక మందు కలిపిన నూనెను పోసి, అతిసూక్ష్మ బిందువు లగునట్లు చిలుకుదురు. పిదప బంకనీరు పోసి కొంచెము ఆమ్లము చేర్చుదురు. అప్పుడు జిగురునకు ధనవిద్యుత్తు, బంకకు ఋణవిద్యుత్తు ఉండుటచే రెండును ఒకదానినొకటి పట్టుకొని, నీటినుండి వేఱుపడి, ప్రతి నూనెబొట్టు చుట్టును పొరగా అలముకొనును. చల్లార్చిన పొర గడ్డకట్టును. తరువాత దానిని మందుతో గట్టిపఱతురు. ఈ జిగురు బంకల కలయికను హాలెండు పండితుడు బుంగెన్‌బర్గ్ డి యాంగ్ అంతకు పూర్వమే వర్ణించి యుండెను. దానిని వ్యాపారమునకు దింపినవారు మాత్రము వీరే.

పై కాగితము వెనుక గుళికలు, క్రింది కాగితము మీద ఒకవిధమగు మన్ను పూయుదురు. కలము మోపినచోట గుళికలు చిట్లి నూనె మంటిని తాకగానే నీలివర్ణము పుట్టును. ఆ వర్ణము గుళికలో లేదు, మంటిలోను లేదు! పసుపు సున్నము కలిపి పారాణి చేయు మన స్త్రీలకు ఇది వింత కాజాలదు.

ఇక నూనె సంగతి. కాలదు, చెడదు అను గుణము చూచి కొంతకాలము పాలీక్లోరినేటెడ్ బైఫినైల్ అను ద్రవమును గుళికలలో నింపిరి. విస్కాన్సిన్ రాష్ట్రమున ఫాక్స్ నది యొడ్డున ఈ కాగితమునకు పూతవేయు మిల్లులును, తుక్కుకాగితమును మరల గుజ్జుచేయు మిల్లులును ఉండెను. వాని మురుగునీటితో ఆ ద్రవము నదిలో దిగి, బురదలో నిలిచి, చేపల క్రొవ్వున కెక్కెను. చెడని గుణమే అక్కడ శాపమైనది. 1971లో దాని వాడుక మానిరి. నది బురద తోడివేయు పని మాత్రము 2020 నాటికి గాని ముగియలేదు. వ్యయము నూరుకోట్ల డాలరులను మించినది.

గుళికలలో ఇప్పుడు వేఱు నూనెలు పోయుచున్నారు.