డెట్రాయిట్‌లో ముందు కదిలింది కొట్లు కాదు

యూట్యూబ్‌లో అమెరికాలోని డెట్రాయిట్ పాడుబడ్డ మేడల వీడియోలు చూసి నూజివీడు నుంచి మావాళ్లు తరచూ అడుగుతుంటారు: "అంత డబ్బున్న దేశంలో ఊరి నడిబొడ్డు అలా ఎట్లా పాడైందిరా?" ఈ ఊరి శివార్లలో కాపురముంటున్నవాడిగా నాకు తెలిసినంతలో జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ జవాబుతో మన ఊళ్లకి కూడా పనుంది.

ఇక్కడ చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 1967లో అల్లర్లు జరిగాయి, జనం భయపడి పోయారు, కొట్లు మూతబడ్డాయి అంటారు. ఏళ్లు వరసగా పెట్టి చూస్తే ఆ మాట నిలబడదు. 1950 జనాభా లెక్కల్లో డెట్రాయిట్‌లో 18,49,568 మంది ఉన్నారు. ఆ ఊరు అంతకు మించి ఎప్పుడూ పెరగలేదు. 1960 లెక్కల నాటికి 16,70,144కి పడిపోయింది. అంటే అల్లర్లకి ఏడేళ్ల ముందే ఇంచుమించు 1 లక్షా 80 వేల మంది తగ్గిపోయారు. వాళ్లు ఎందుకు తగ్గారో తెలిస్తే కొట్లు ఎందుకు పోయాయో తెలుస్తుంది.

ఒక కొట్టు కథతో మొదలుపెడతాను. 1881లో జె.ఎల్. హడ్సన్ అనే వ్యాపారి బట్టల దుకాణం తెరిచాడు. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద అది పెరిగి పెరిగి ప్రపంచంలోకెల్లా ఎత్తైన డిపార్ట్‌మెంట్ స్టోర్ అయింది. మంచి రోజుల్లో 12 వేల మంది అందులో పనిచేసేవారు. పెళ్లి బట్టలు, పిల్లల బూట్లు, ఫర్నిచర్, మధ్యాహ్నం భోజనం, అన్నీ ఒకే కప్పు కింద. ఊళ్లో థాంక్స్‌గివింగ్ పండగ ఊరేగింపుని 1924లో ఈ కొట్టే మొదలుపెట్టింది. మన దగ్గర పండగ బట్టలకి బెజవాడ బీసెంట్ రోడ్డుకి వెళ్లినట్టు, మిచిగన్ రాష్ట్రంలో జనం హడ్సన్స్‌కి వచ్చేవారు.

ఆ హడ్సన్స్ వాళ్లే 1954లో ఊరి సరిహద్దు దాటి సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌ల్యాండ్ అనే షాపింగ్ సెంటర్ కట్టారు. ప్లాను గీసింది ఆస్ట్రియా నుంచి వలస వచ్చిన ఆర్కిటెక్ట్ విక్టర్ గ్రూయెన్. మధ్యలో దుకాణాలు, చుట్టూ వేల కార్లు నిలిపే ఖాళీ జాగా. నడిబొడ్డున ఉన్న తమ కొట్టుకే పోటీ వచ్చేదాన్ని తామే ఎందుకు కట్టుకున్నారు? వాళ్ల ఖాతాదార్లు అప్పటికే అటు వెళ్లిపోతున్నారు కాబట్టి. కొట్టు ఎప్పుడూ కొనేవాడి వెనకాలే నడుస్తుంది.

మరి కొనేవాణ్ణి ఎవరు కదిలించారు? మొదట కదిలింది పని. చరిత్రకారుడు థామస్ సుగ్రూ లెక్క తీశాడు: 1947 నుంచి 1958 దాకా మూడు పెద్ద కార్ల కంపెనీలు ఈ ప్రాంతంలో 25 కొత్త ఫ్యాక్టరీలు కట్టాయి. అందులో ఒక్కటి కూడా డెట్రాయిట్ ఊళ్లో లేదు. కొత్త యంత్రాలకి ఒకే అంతస్తులో పొడుగాటి షెడ్లు కావాలి, అంత జాగా బయటే చవగ్గా దొరికింది. 1947–1963 మధ్య ఊళ్లో 1 లక్షా 34 వేల ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయాయి.

తర్వాత కదిలింది ఇల్లు. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి అప్పులకి పూచీ పడేది. అయితే నల్లజాతి వాళ్లున్న పేటలని "ప్రమాదం" అని లెక్కగట్టి అక్కడికి అప్పు పుట్టనివ్వలేదు. ఊరి ఉత్తర సరిహద్దైన ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర దీనికి సాక్ష్యం ఇప్పటికీ నిలబడి ఉంది. 1941లో ఒక బిల్డరు తెల్లవాళ్ల కోసం ఇళ్లు వేయబోతే, పక్కనే నల్లవాళ్ల పేట ఉందని ఆ సంస్థ పూచీ ఇవ్వనంది. అతను రెండు పేటల మధ్య అర మైలు పొడవునా ఆరడుగుల కాంక్రీటు గోడ కట్టాడు. పూచీ వచ్చేసింది. ఆ గోడ ఇళ్ల పెరళ్ల వెనక నుంచి పోతుంది. పిల్లలు ఆడుకునే పార్కు దగ్గర దాని మీద రంగురంగుల బొమ్మలు వేశారు. మిగతా చోట్ల ఉత్త బూడిద రంగు కాంక్రీటే. పక్కన నిలబడితే గోడ నా తలకన్నా కాస్త ఎత్తు, అంతే. నిచ్చెనేస్తే ఎవరైనా దాటొచ్చు. దాటలేనిది బ్యాంకు కాగితం.

మూడోది రోడ్డు. 1956 ఏప్రిల్‌లో వుడ్‌వర్డ్ మీద ఆఖరి ట్రామ్ తిరిగింది. రెండు నెలలకి, జూన్‌లో, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ హైవేల చట్టం మీద సంతకం పెట్టాడు. 41,000 మైళ్ల రోడ్లు, ఖర్చులో 90 శాతం కేంద్రానిదే. ఊరిలోకి జనాన్ని మోసుకొచ్చే బండికి డబ్బు లేదు, ఊరి బయటికి పంపే రోడ్డుకి మాత్రం కేంద్రం డబ్బు. అలాంటి రోడ్డొకటి నల్లవాళ్ల వ్యాపార కేంద్రమైన హేస్టింగ్స్ స్ట్రీట్ మీదుగా వేశారు. బ్లాక్ బాటమ్, ప్యారడైజ్ వ్యాలీ అనే పేటల్లో మంగలి షాపులు, మందుల షాపులు, హోటళ్లు, జాజ్ క్లబ్బులు వందల్లో ఉండేవి. వాటిని నేలమట్టం చేసి క్రైస్లర్ ఫ్రీవే తవ్వారు. అద్దెకున్న వ్యాపారికి పరిహారం సరిగ్గా దక్కలేదు, వేరే చోట కొట్టు పెట్టుకుందామంటే అప్పు పుట్టలేదు. డెట్రాయిట్ నుంచి "వెళ్లిపోయిన" వ్యాపారాల్లో ఇవీ ఉన్నాయి. వీటిని మాత్రం వెళ్లగొట్టారు.

మన వైపు మామిడి తోటను పూత మీద కొన్న వ్యాపారికి ఆ ఏటి కాపే లెక్క. పదేళ్ల తర్వాత చెట్టు ఎలా ఉంటుందన్నది తోట రైతు బాధ. డెట్రాయిట్‌లో కంపెనీలు ఆ వ్యాపారిలాగే చేశాయి, అది వాటి స్వభావం. ఘోరం ఏమిటంటే, రైతులా చెట్టుని కాచుకోవలసిన ప్రభుత్వమే పక్క పొలంలో కొత్త తోట వేసుకోమని డబ్బిచ్చింది.

ఇక్కడ మనవాళ్లకి కొత్తగా అనిపించే సంగతి ఒకటి చెప్పాలి. మన జిల్లా పరిషత్ హైస్కూలు టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. మిచిగన్‌లో 1994 దాకా స్కూళ్లు ఎక్కువగా ఆ ఊరి ఇంటి పన్ను మీదే నడిచేవి. పోలీసు, ఫైరింజన్ ఖర్చు కూడా ఊరిదే. డెట్రాయిట్ సరిహద్దు 1926 తర్వాత పెరగలేదు. కాబట్టి ఒక కుటుంబం ఎయిట్ మైల్ రోడ్డు దాటి అవతల ఇల్లు కొనుక్కుంటే వాళ్ల పన్ను కూడా దాటిపోయేది. ఉన్నవాళ్ల మీద పన్ను పెంచాలి, పెంచితే ఇంకొందరు పోతారు, వీధి దీపాలు వెలగవు, అప్పుడు మరికొందరు పోతారు.

1967 జులై అల్లర్లు ఇంత జరిగాక వచ్చాయి. అయిదు రోజుల్లో 43 మంది చనిపోయారు. వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తున్నవాళ్లు ఆ తర్వాత ఆగలేదు. నడిబొడ్డుని మళ్లీ నిలబెట్టాలని 1977లో హెన్రీ ఫోర్డ్ మనవడు రెండో హెన్రీ ఫోర్డ్ పూనుకుని నది ఒడ్డున రినైసాన్స్ సెంటర్ అనే అద్దాల టవర్లు కట్టించాడు. ఆఫీసులు వచ్చాయి గానీ, లోపలికెళ్లిన ఉద్యోగి భోజనం, కాఫీ అక్కడే కానిచ్చి కారెక్కి ఇంటికి పోయేవాడు. వీధిలో కొట్టుకి బేరం రాలేదు. 1983 జనవరిలో వుడ్‌వర్డ్ మీది హడ్సన్స్ మూసేశారు. 1998లో ఆ భవనాన్ని పేల్చి కూల్చారు. 2013 జులైలో నగరం దివాలా పిటిషన్ వేసింది. బాకీ సుమారు 1,800 కోట్ల డాలర్లు. ఈ దేశ చరిత్రలో ఏ నగరమూ అంత పెద్ద దివాలా తీయలేదు. 2020 నాటికి ఊళ్లో మిగిలింది 6,39,111 మంది. ఈలోపు నార్త్‌ల్యాండ్ కూడా 2015లో మూతబడింది.

మన తెలుగువాళ్లు ఈ కథలో ఎక్కడున్నారు? 1965 వలస చట్టం తర్వాత ఇంజనీర్లుగా, డాక్టర్లుగా వచ్చి ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్, నోవైలలో ఇళ్లు కొనుక్కున్నాం. మంచి స్కూళ్లు అక్కడున్నాయి. వెంకటేశ్వరస్వామి గుడి కూడా నోవైలోనే. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు 2015లో డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లోని కోబో సెంటర్‌లో జరిగాయి, 2025లో నోవైలో జరిగాయి. మేం చదివిస్తున్న బడులు, నడుస్తున్న రోడ్లు ఆనాడు ఊరు దాటిపోయిన డబ్బుతో మొదలైనవే. మా పిల్లలకి ఆ సంగతి చెప్పి పెంచడం న్యాయం.

ఊరు ఇప్పుడు తేరుకుంటోంది. తేరుకున్న తీరు కూడా అదే వరసలో ఉంది: ముందు పనీ మనుషులూ, తర్వాత కొట్లు. 2004లో నడిబొడ్డున క్యాంపస్ మార్షస్ పార్కు తెరిచారు. 2010లో ఇంటి అప్పులిచ్చే క్వికెన్ లోన్స్ కంపెనీ శివారు నుంచి ఉద్యోగుల్ని డౌన్‌టౌన్‌కి తెచ్చింది. 2017లో అదే వుడ్‌వర్డ్ మీద ట్రామ్ మళ్లీ తిరిగింది. హడ్సన్స్ ఉన్న చోట కొత్త టవర్ లేచింది. పేటల్లో ఖాళీ స్థలాలు మాత్రం ఇంకా ఖాళీగానే ఉన్నాయి. కదిలించడానికి బ్యాంకు కాగితాలూ, చట్టం మీద సంతకాలూ చాలాయి. తిరిగి తేవడానికి అరవై ఏళ్లూ చాలలేదు.

ఇక మన సంగతి. బెజవాడ వన్‌టౌన్ ఇరుకు వీధుల్లోకి లారీలు రాలేక హోల్‌సేల్ వ్యాపారం గొల్లపూడి కాంప్లెక్స్‌కి వెళ్లింది. అది సబబే. వన్‌టౌన్ మాత్రం చావలేదు. వస్త్రలతలో బట్టల బేరం సాగుతోంది, రైల్వే స్టేషన్ పక్కనే ఉంది, కొట్టు మీద మేడలో యజమాని కాపురం ఉంది. మన రసాలు, బంగినపల్లులు నున్న మార్కెట్‌కి పోతున్నాయి. దానివల్ల నూజివీడు బజారు పడిపోదు. గాంధీబొమ్మ సెంటర్ కొట్లకి బేరమిచ్చేది లారీ సరుకు కన్నా, బస్సు దిగి ఆఫీసులో పని చూసుకుని సంచి నింపుకుని పోయే పల్లెల జనం. ఆ జనం దారి మారిందంటేనే బజారుకి ప్రమాదం.

కాబట్టి నూజివీడు పెద్దలకీ, వర్తకులకీ, మున్సిపాలిటీ వారికీ నాదొక విన్నపం. రేపు బస్టాండో, ఆసుపత్రో, ఏదో ఒక ఆఫీసో ఊరి బయట విశాలమైన జాగాకి మారుస్తామని ఎవరైనా అంటే, భవనం ఎంత బాగుంటుందని అడిగే ముందు, రోజూ అక్కడికి నడిచొచ్చే మనుషులు రేపు ఎటు వెళతారో అడగండి. రోడ్డు వెడల్పు చేస్తామంటే అద్దెకున్న చిన్న వ్యాపారికి బదులు జాగా ఎక్కడో ముందు రాయించుకోండి. డెట్రాయిట్‌లో ఈ ప్రశ్నలు అడిగిన వాళ్లున్నారు. వినాల్సినవాళ్లు వినలేదు. మన దగ్గర వినిపించుకునే దాకా అడగండి.