తలలు తెగిన బురుజుల ఊరు

పొద్దెక్కుతున్న కొద్దీ ప్లాసా మయోర్ చౌకులో రాతి పలకలు తెల్లగా మెరుస్తున్నాయి. మన ఎదురుగా కోటగోడ. దాన్ని ఆనుకుని, పన్నెండో శతాబ్దంలో అల్మొహాద్ ముస్లిం పాలకులు కట్టిన బుహాకో బురుజు. స్పెయిన్‌లో, పోర్చుగల్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కాసెరెస్ పాత ఊరు ఇక్కడే మొదలవుతుంది. మెట్లెక్కి ఎస్ట్రెయా ద్వారం కిందికి వచ్చి తలెత్తి చూడండి. కమాను తిన్నగా లేదు, ఏటవాలుగా పక్కకు తిరిగి ఉంది. 1726లో దీన్ని కట్టినప్పుడు, లోపలి ఇరుకు సందులోకి గుర్రబ్బండ్లు మలుపు తిరగాలని ఇలా వంచారు. అంతకుముందు ఇక్కడున్న పాత ద్వారం దగ్గర 1477లో కాస్తీల్ రాణి ఇసబెల్, ఈ ఊరి హక్కులను కాపాడతానని ప్రమాణం చేసింది. ఆ రాణిని గుర్తుంచుకోండి. లోపల అడుగడుగునా ఆమె కనిపిస్తుంది.

ద్వారం దాటగానే చప్పుళ్ళన్నీ వెనకే ఉండిపోతాయి. రెండు వైపులా ఎత్తైన గోడలు. కిటికీలు తక్కువ, గుమ్మాల మీద మాత్రం పెద్ద పెద్ద వంశచిహ్నాలు. నాలుగడుగుల్లో సాంత మరియా చర్చి. మూల మీద పేద్రో దె అల్‌కాంతర అనే సన్యాసి కంచు విగ్రహం ఉంది. ఒళ్ళంతా నల్లబారినా, వచ్చేపోయే వాళ్ళ చేతులు తగిలి తగిలి పాదాలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. మనమూ తాకి లోపలికి నడుద్దాం.

లోపలి చీకటికి కళ్ళు అలవాటు పడటానికి కాస్త సమయం పడుతుంది. పడ్డాక, బలిపీఠం వెనక పైకప్పు దాకా లేచిన చెక్కడాల గోడ మెల్లగా బయటపడుతుంది. పదహారో శతాబ్దపు పని. స్పెయిన్ చర్చిల్లో ఇలాంటి గోడలకు సాధారణంగా బంగారు రేకు తాపడం చేస్తారు. దీనికి ఆ పూత లేదు. కర్ర కర్రగానే ఉంది. ఉలి ఎక్కడ లోతుగా దిగిందో, ఎక్కడ తేలిగ్గా తాకి వదిలిందో తెలుస్తోంది. బంగారం లేకపోవడమే దీని అదృష్టమని నాకు గట్టిగా అనిపిస్తుంది. మెరుపు అడ్డుపడనందుకే మరియమ్మ ముఖంలోని నెమ్మది, చుట్టూ ఉన్న అపొస్తలుల గడ్డాల మడతలు కంటికి అందుతున్నాయి. పక్కనున్న చిన్న మందిరంలో నల్లని క్రీస్తు సిలువ ఉంది. ఈస్టర్‌కు ముందు వారంలో ఒక రాత్రి దాన్ని మౌనంగా ఈ సందుల్లో ఊరేగిస్తారు.

బయటికొస్తే కొద్ది దూరంలోనే గోల్ఫీన్ వంశం వారి భవనం. ఇసబెల్, ఆమె భర్త ఫెర్నాందో ఈ ఊరొచ్చినప్పుడు బస చేసింది ఇందులోనే. ఇది గోల్ఫీన్ల ఇల్లని ఆ వంశం వారు రాతి మీద చెక్కించుకున్నారు కూడా. అక్కడి నుంచి దారి సాన్ హోర్హె చౌకులోకి దిగుతుంది. 1229లో సెయింట్ జార్జి పండగ నాడు లెయోన్ రాజు ఈ ఊరిని ముస్లింల నుంచి గెలుచుకున్నాడు, అందుకే ఆ పేరు. చౌకు మీద రెండు తెల్లని గోపురాలతో నిలబడ్డ చర్చి ఫ్రాన్సిస్ జేవియర్‌ది. ఆయన భౌతికకాయం మన గోవాలో ఉంది.

ఇక ఎక్కుడు దారి. సాన్ మతేయో చర్చి చేరేసరికి ఊపిరి బరువెక్కుతుంది. చుట్టూ బురుజులు చూడండి, పైన దంతాల్లాంటి గోడ ఉండాల్సిన చోట బోడిగా ఉన్నాయి. సింహాసనం కోసం ఇసబెల్‌కూ, ఆమె అన్న కూతురు హువానాకూ మధ్య జరిగిన యుద్ధంలో ఇక్కడి ప్రభువులు రెండు పక్షాలుగా చీలి, ఈ బురుజుల మీద నుంచే ఒకరితో ఒకరు పోరాడారు. గెలిచాక రాణి వాటి తలలు తెగ్గొట్టించింది. దంతాలతో సహా నిలిచింది కొంగల బురుజు. దాని యజమాని దియేగో దె ఒవాందో ఆ యుద్ధంలో రాణి పక్షం. 1502లో అమెరికా దీవులకు గవర్నరుగా వెళ్ళి, అక్కడి జనాన్ని ఊచకోత కోయించిన నికొలాస్ ఈయన కొడుకే. పైన ముక్కులు టకటకలాడిస్తున్న కొంగలకేసి చూస్తున్నా, ఆ మాట మనసులోంచి పోదు.

పక్కనే వెలేతాస్ భవనం, ఇప్పుడు మ్యూజియం. మెట్లు దిగి నేల కిందికి వెళ్తే చల్లటి తడి గాలి ముఖానికి తగులుతుంది. అరబ్బుల కాలపు నీటి తొట్టి ఇది. 12 స్తంభాల మీద 16 లాడం ఆకారపు కమానులు. పై ముంగిట్లో పడిన వాన ఈనాటికీ ఇక్కడికే చేరుతుంది. ఈ ఊళ్ళో అన్నిటికన్నా గొప్ప కట్టడం ఇదే అంటాను. దీని మీద ఎవరి వంశచిహ్నమూ లేదు.

మళ్ళీ గోడ వెంట ఉత్తరపు కొసకు దిగుదాం. అక్కడ తోలేదో-మోక్తెసూమ భవనం. మెక్సికో చక్రవర్తి రెండో మోక్తెసూమ కూతురు ఇసబెల్‌ను ఈ ఊరివాడు హువాన్ కానో పెళ్ళాడాడు. వాళ్ళ మనవడి పేరు ఈ ఇంటికి నిలిచింది. గదుల గోడల మీద రోమన్ చక్రవర్తుల బొమ్మలతో పాటు అజ్‌టెక్ రాజుల బొమ్మలూ వేయించారు. ఇప్పుడిది ప్రాంతీయ చరిత్ర పత్రాలు దాచే చోటు. మోక్తెసూమ కూతురు ఇసబెల్ మాత్రం మెక్సికోలోనే కన్నుమూసింది. తన కింద బానిసలుగా ఉన్న మెక్సికో జనాన్ని విడిచిపెట్టాలని వీలునామాలో రాయించింది. రాణి ఇసబెల్ కథ ఈ ఊళ్ళో ప్రతి బురుజూ చెబుతుంది. ఈ ఇసబెల్ కథ కోసం మాత్రం ఇంత దూరం నడిచి రావాలి.