ఊరి బడి నుంచి ఆశ్రమ పాఠశాల దాకా: ఆదిలాబాదు ఆదివాసీ బాలల చదువు, ప్రభుత్వ సంరక్షణ

వ్యాస సంగ్రహం:
ఉత్తర తెలంగాణలోని ఆదిలాబాదు అడవుల్లో గోండు, కొలాము పిల్లల చదువు 1943లో మార్లవాయి కేంద్రంతో ఒక రూపం దాల్చింది. ఆ పథకంలో ఉపాధ్యాయుడు పిల్లవాడి ఊరికి, పిల్లవాడి భాషలోకి వచ్చాడు. తరువాత విస్తరించిన ఆశ్రమ పాఠశాలల వ్యవస్థలో పిల్లవాడే ఊరు విడిచి ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లాడు. ఈ మార్పు వల్ల ఒనగూరినదేమిటో, చేజారినదేమిటో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఆదిలాబాదు, గోండులు, మార్లవాయి, హైమన్‌డార్ఫ్, ఆశ్రమ పాఠశాల, మాతృభాష.

1. ఉపోద్ఘాతం

గిరిజన విద్యాసంస్థలన్నిటినీ వాడుకలో 'హాస్టలు' అనే ఒక్క మాటతో పిలవడం పరిపాటి. కానీ వీటి స్వభావాలు వేరు. వసతిగృహంలో ఉండే విద్యార్థి చదువు కోసం మరో బడికి వెళ్తాడు. ఆశ్రమ పాఠశాలలో బోధన, భోజనం, నివాసం ఒకే ఆవరణలో, ఒకే యాజమాన్యం కింద సాగుతాయి. ఏడెనిమిదేళ్ల బిడ్డ అక్కడ చేరిన నాటి నుంచి తిండి, బట్ట, జ్వరానికి మందు, రాత్రి పడక అన్నీ ప్రభుత్వ బాధ్యతే. అంటే ప్రభుత్వం అక్కడ బడి పెట్టడంతో ఆగక తల్లిదండ్రుల స్థానాన్ని కూడా స్వీకరిస్తున్నది. కాబట్టి ఈ సంస్థల చరిత్రను అక్షరాస్యత లెక్కలతో మాత్రమే అంచనా కట్టడం చాలదు. బిడ్డ ఏ భాషలో పెరిగాడు, ఎవరి చేతుల్లో పెరిగాడు అన్న ప్రశ్నలూ అందులో భాగం కావాలి.

2. మార్లవాయి: ఊరికి వచ్చిన బడి

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించాడు. అటవీ నిర్బంధాలు, భూమి పరాయీకరణ ఆ తిరుగుబాటుకు మూలకారణాలు. ఆ తరువాత గోండుల స్థితిగతులను అధ్యయనం చేసే పనిని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. రెండవ ప్రపంచ యుద్ధం వల్ల శత్రుదేశ పౌరుడిగా పరిగణన పొంది, హైదరాబాదు సంస్థానం దాటి వెళ్లే వీలు లేకపోయిన కాలమది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ నేటి జైనూరు మండలంలోని మార్లవాయి గ్రామంలో నివాసం ఏర్పరచుకున్నారు.

గోండుల భూమి పోవడానికి నిరక్షరాస్యత ఒక ముఖ్యకారణమని హైమన్‌డార్ఫ్ గుర్తించాడు. తన పేరిట పట్టా ఉన్నదో లేదో చదువుకోలేని రైతు పట్వారీ మాటనూ, షావుకారు లెక్కనూ నమ్మక తప్పదు. 1943లో మార్లవాయిలో ప్రారంభమైన గోండు విద్యాపథకం ఈ అవసరం నుంచే పుట్టింది. దాని క్రమం గమనించదగినది. ముందుగా కొద్దిపాటి మరాఠీ అక్షరజ్ఞానం ఉన్న గోండు యువకులను చేరదీసి ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు సిద్ధం చేశారు. శిక్షణ పొందినవారిని గోండు గూడేలలోని బడులకు పంపారు. పిల్లవాడు పగలు బడిలో చదువుకొని, సాయంత్రం ఇంటికి చేరేవాడు. గురువు మాట్లాడే భాష, అమ్మ మాట్లాడే భాష ఒకటే.

ఈ పథకానికి పరిమితులు లేకపోలేదు. అది నిరంకుశ ప్రభుత్వం తిరుగుబాటు భయంతో అనుమతించిన సంస్కరణ. దాని రూపకల్పనలో గోండుల నిర్ణయాధికారం ఎంతన్నది చర్చనీయాంశమే. అయినా చదువు పిల్లవాడిని ఇంటి నుంచి వేరు చేయనక్కరలేదన్న సూత్రం అక్కడ ఆచరణలో రుజువైంది.

3. ఆశ్రమ పాఠశాలల విస్తరణ

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి మారింది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్, రాజురా ప్రాంతాలు బొంబాయి రాష్ట్రంలో చేరాయి. ఒకే గోండు సమాజం రెండు రాష్ట్రభాషల మధ్య చీలింది. ఇవతలి వైపు బోధనభాషగా తెలుగు స్థిరపడింది. దేవనాగరిలో నేర్పిన గోండీ వాచకాలకూ, మరాఠీ తెలిసిన గోండు ఉపాధ్యాయుల అనుభవానికీ విలువ తగ్గింది.

ఆశ్రమ పాఠశాల భావన అంతకుముందే దేశంలో ఉన్నది. గుజరాత్‌లో భిల్లుల మధ్య ఠక్కర్ బాపా 1922లో స్థాపించిన భిల్ సేవా మండల్ అందుకు బాట వేసింది. అయిదవ పంచవర్ష ప్రణాళికా కాలంలో (1974–79) గిరిజన ఉపప్రణాళిక అమలులోకి రావడంతో, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల ద్వారా ఈ వ్యవస్థ బలపడింది. ఆదిలాబాదుకు ఉట్నూరు కేంద్రమైంది.

దీని వెనుక ఉన్న హేతువును తోసిపుచ్చలేం. పది ఇళ్ల గూడెంలో బడి నడపడం కష్టం. వానకాలంలో వాగులు పొంగితే ఉపాధ్యాయుడు చేరలేడు. పొలం పనుల్లో మునిగిన తల్లిదండ్రులకు బిడ్డ మూడు పూటలా తింటాడన్న హామీ చిన్న విషయం కాదు. చదువుకొని ఉద్యోగాల్లో, ప్రజాజీవితంలో నిలిచిన ఆదివాసులు అనేకులు ఈ పాఠశాలల నుంచి వచ్చినవారే.

4. భాష, పండుగ: ఆవరణ వెలుపల మిగిలినవి

గోండీ ద్రావిడ భాష. భాషాశాస్త్రవేత్తలు దానిని తెలుగుతో పాటు దక్షిణ మధ్య శాఖలో చేరుస్తారు. గోండీలో 'ఏర్' అంటే నీరు, తెలుగులో 'ఏరు' ప్రవాహం. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నా ఒకటో తరగతి పిల్లవాడికి అది అక్కరకు రాదు. అతడికి తెలుగు వాచకం పరాయి వాచకమే. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండీ, కొలామీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య ప్రారంభం కావడానికి మాత్రం 2004 ప్రాంతం దాకా ఆగవలసి వచ్చింది. అంటే 1943లో మొదలైన పనిని ఆరు దశాబ్దాల తరువాత కొత్త ప్రయోగంగా మళ్లీ మొదలుపెట్టారు.

ఇంటి వద్ద నేర్చుకునే విద్య మరొకటి ఉన్నది. దీపావళి వేళ దండారి బృందాలు ఊరూరా తిరుగుతాయి, గుస్సాడీలు ఆడతారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు నాగోబాను కొలుస్తారు. ప్రధానులు కింగ్రి మీటుతూ వంశగాథలు పాడతారు. వీటికి పాఠ్యపుస్తకం లేదు. పెద్దల వెంట తిరగడమే పాఠం. గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన ఊరు మార్లవాయే. ఏడాదిలో అధికభాగం ఆశ్రమంలో గడిపే బిడ్డకు ఇటువంటి గురువు దగ్గర నేర్చుకునే వ్యవధి తగ్గిపోతుంది.

5. ఉపాధ్యాయుడెవరు?

షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నిటినీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడవ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. దూరప్రాంతాల నుంచి వచ్చే ఉపాధ్యాయుల గైర్హాజరు అందుకు చూపిన కారణాల్లో ఒకటి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ ఉత్తర్వును కొట్టివేసింది. వ్యాజ్యం ప్రధానంగా ఉద్యోగార్థుల సమానత్వం చుట్టూ తిరిగింది. బిడ్డ భాష తెలిసిన గురువు బిడ్డకు దక్కాలన్న కోణానికి అందులో తగినంత చోటు దొరకలేదు.

6. సంరక్షణ అనే బాధ్యత

2024లో కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో పలువురు విద్యార్థినులు అస్వస్థులయ్యారు. వారిలో ఒకరు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో చికిత్స పొందుతూ మరణించారు. తల్లి దగ్గర ఉన్న బిడ్డకు జ్వరం వస్తే ఒళ్లు తాకగానే తెలుస్తుంది. వందల మంది పడుకునే గదుల్లో ఆ స్పర్శకు బదులుగా ఒక వ్యవస్థ ఉండాలి. నీటి పరీక్ష, వంటగది తనిఖీ, రాత్రివేళ అందుబాటులో ఆరోగ్య కార్యకర్త, బిడ్డ చెప్పుకున్న బాధ అర్థమయ్యే భాష తెలిసిన మనిషి అందులోని అంగాలు. తల్లిదండ్రుల స్థానం తీసుకున్న ప్రభుత్వానికి ఇవి అదనపు సౌకర్యాలు కావు.

7. ముగింపు

కెనడాలో మూలవాసీ పిల్లలను చర్చిల నిర్వహణలోని ఆవాస పాఠశాలలకు తరలించిన చరిత్రను అక్కడి సత్య సమన్వయ సంఘం 2015లో 'సాంస్కృతిక జాతిహననం'గా నిర్ధారించింది. ఆదిలాబాదు చరిత్రను దానితో సమం చేయడం సరికాదు. ఇక్కడ పిల్లలను చట్టబలంతో లాక్కుపోలేదు. తల్లిదండ్రులు ఆశతో పంపారు. అయితే ఆ ఆశకు ఎదురుగా బిడ్డ తన భాషను, పండుగను బడి గుమ్మం బయట విడిచి రావలసి వచ్చింది. ఈ షరతును ఎవరూ కాగితం మీద రాయలేదు. అందుకే దానిని ఎవరూ రద్దు చేయలేదు కూడా.

బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉన్నది. గోండులు నేటికీ ఆ దంపతులకు నివాళులర్పిస్తారు. వారి పథకంలోని సారాంశాన్ని గుర్తు చేసుకోవడం అంతకన్నా పెద్ద నివాళి. ఆశ్రమ పాఠశాలలను మూసివేయాలని ఈ వ్యాసం ప్రతిపాదించడం లేదు. చిన్న తరగతులు ఊళ్లోనే, మాతృభాషలోనే సాగాలి. పెద్ద తరగతులకు ఆశ్రమానికి వచ్చే బిడ్డకు తన భాష తెలిసిన గురువు, దండారికి ఇంటికి వెళ్లే సెలవు, భయం లేని భోజనం దక్కాలి. వీటిలో మొదటిది సాధ్యమేనని 1943లోనే మార్లవాయి చూపింది.