సూరత్‌లో ఆగిన 'ఫైర్'

విద్యార్థులారా! సూరత్ అనగానే మీకు చీరలు, వజ్రాలు గుర్తుకొస్తాయి. సినిమా చరిత్రలోనూ ఆ ఊరి ప్రస్తావన ఉంది. ఇద్దరు తోడికోడళ్ల ప్రేమను చూపిన దీపా మెహతా చిత్రం 'ఫైర్'ను సెన్సార్ బోర్డు కోత లేకుండా అనుమతించింది. అయినా 1998 డిసెంబరులో బజరంగ్‌దళ్ కార్యకర్తలు కర్రలతో అక్కడి రాజ్‌ప్యాలెస్, రాజ్‌మహల్ థియేటర్లలో చొరబడి విధ్వంసం చేశారు. ప్రేక్షకులు భయంతో పారిపోయారు. ఆట ఆగిపోయింది. గమనించండి, ఆపింది బోర్డూ కాదు, కోర్టూ కాదు. సైన్సు పాఠాలు చెప్పే నాకిది మింగుడుపడదు. ప్రయోగం చెయ్యకుండానే ఫలితం రాసేసినట్టుంది! బోర్డు మళ్లీ చూసి, 1999లో కోత లేకుండానే వదిలింది. స్వలింగ ప్రేమ చిత్రాలకు 2010లో ముంబయిలో 'కశిష్' చలనచిత్రోత్సవం మొదలైంది. 2013లో సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌ను నిలబెట్టినా (2018లో తానే సడలించింది) ఆ ఉత్సవం ఆగలేదు. సూరత్‌లోనూ 2013 అక్టోబరులో తొలి ప్రైడ్ ఊరేగింపు జరిగింది.