లారీ ఇంజనుకు వాననీటి ముప్పు

హైదరాబాదునుండి వరంగల్లు పోవు రహదారి ఉప్పల్ దాటిన పిమ్మట బోడుప్పల్ మీదుగా సాగును. దాపుననే నాచారం పారిశ్రామిక వాడ కలదు. కావున ఈ బాటపై రేయింబవళ్ళు లారీలు నడచుచుండును. 2020 అక్టోబరు 13వ తేదీన ఇదే బాటపై మరికొంత తూర్పున ఉన్న ఘట్‌కేసర్ ప్రాంతమున ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసినది. నగరపు వీధులు ఏరులైనవి. ఎన్నో వాహనములు నీట మునిగినవి. ఇట్టి వాన వెలిసిన మరునాడు, తడిసిన లారీ ప్రక్కన నిలిచిన డ్రైవరును ఒకే ప్రశ్న వేధించును: సెల్ఫ్ నొక్కవచ్చునా, కూడదా? దీనికి సమాధానము ఇంజనుల చరిత్రలోనే ఉన్నది.

హైదరాబాదు రాజ్యమున 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను ఆరంభించిరి. ఆ కాలమున మన దేశపు బస్సులు, లారీలు చాలవరకు పెట్రోలుతో నడచెడివి. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమును విద్యుత్ రవ్వ మండించును. ఆ రవ్వ పుట్టుటకు వేల వోల్టుల పీడనము కావలయును. బానెట్ అతుకులగుండా కారిన వాననీరు తీగలమీద, ప్లగ్గులమీద పడినచో విద్యుత్తు తడివెంట జారిపోవును, రవ్వ పుట్టదు, బండి ఆగిపోవును. అయితే తడి తుడిచి ఆరబెట్టినచో మరల కదలును. నష్టము కొన్ని గంటల కాలము మాత్రమే.

రెండవ ప్రపంచ యుద్ధమున ఈ సమస్యకు పెద్ద పరీక్ష వచ్చెను. 1944 జూన్ 6వ తేదీన మిత్రరాజ్యముల సేనలు ఫ్రాన్సులోని నార్మండీ తీరమున దిగినపుడు, వాహనములు సముద్రపు నీటిలోనుండి ఒడ్డుకు నడువవలసి వచ్చెను. అందుకై ముందుగానే ప్లగ్గులను, తీగలను జిడ్డుముద్దతో కప్పిరి. గాలి పీల్చు గొట్టమును, పొగ గొట్టమును నీటిమట్టముకంటె ఎత్తుగా పొడిగించిరి. రవ్వను కాపాడుట ఒకటి, ఊపిరిని కాపాడుట రెండవది. నేటి లారీకి రెండవదే ముఖ్యము.

కారణమేమి? జర్మనీ దేశీయుడైన రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతముగా నడిపి చూపిన ఇంజనుకు రవ్వతో పని లేదు. గాలిని గట్టిగా నొక్కినచో అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడిలో చిమ్మిన నూనె తనంతట తానే మండును. మన దేశమున 1954లో టెల్కో సంస్థ జర్మనీ సంస్థయైన డైమ్లర్-బెంజ్ సహకారముతో జంషెడ్‌పూర్‌లో డీజిలు లారీల తయారీ చేపట్టెను. క్రమముగా డీజిలు లారీయే రోడ్లనేలినది. తడిసిన ప్లగ్గుల బాధ తీరినది. కాని ఆ గట్టి నొక్కుడే క్రొత్త అపాయమును తెచ్చినది.

ఒక లీటరు గాలిని పీల్చు సిలిండరును తీసికొందము. గాలిని 5 వంతులలో 1 వంతుకు నొక్కు పాత పెట్రోలు ఇంజనులో, పిస్టన్ పైకి వచ్చినపుడు దానిపై మిగులు చోటు పావు లీటరు. 17 వంతులలో 1 వంతుకు నొక్కు డీజిలు ఇంజనులో మిగులునది సుమారు 60 మిల్లీలీటర్లే! అది చిన్న టీ గ్లాసెడైనను కాదు. అంతకుమించి నీరు చేరినచో పిస్టన్‌కు చోటు లేదు. గాలివలె నీరు అణగదు. దానిని నూటికి ఒక వంతు కుదించుటకే 200 వాతావరణములకు పైబడిన పీడనము కావలయును. అపుడు నీటికి మారుగా కనెక్టింగ్ రాడ్ వంగును. ఒక్కొక్కపుడు విరిగి ఇంజను గోడనే చీల్చును.

ఇందుకు వరదయే రానక్కరలేదు. ఎయిర్ ఫిల్టరు గొట్టమున చిన్న పగులున్నను చాలును. ఆగియున్న ఇంజనులో ఏదో ఒక సిలిండరు కవాటము తెరచియుండును. రాత్రంతా బొట్టుబొట్టుగా కారిన నీరు అందులో చేరవచ్చును. అందుచేతనే లారీలలో గాలి గొట్టమును క్యాబిన్ వెనుక ఎత్తుగా నిలిపి, వాన పడకుండ టోపీ పెట్టుదురు. ఫిల్టరు డబ్బా అడుగున నీరు పోవుటకు రంధ్రము ఉంచుదురు. ఆ రంధ్రము మట్టితో పూడినను, గొట్టపు రబ్బరు ఎండి చీలినను, టోపీ వలన ప్రయోజనము లేదు. డీజిలు ట్యాంకు మూత వదులైనచో అందులో దిగిన నీరు, డీజిలుకంటె బరువైనది గనుక, అడుగున చేరి ఇంజెక్టరును పాడుచేయును.

కావున డ్రైవరు ప్రశ్నకు సమాధానము: సెల్ఫ్ నొక్కరాదు. మొదట ఫిల్టరు విప్పి చూడవలయును. అది తడిసియున్నచో మెకానిక్కు ఇంజెక్టర్లను ఊడదీసి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పును. నీరున్నచో ఆ రంధ్రములగుండా బయటికి చిమ్మును. ఇంజను ఆయిలు పాలవలె తెల్లబడియున్నచో దానిని మార్చవలయును. ఇదంతయు ఒక పూట పని. తొందరపడి మీట నొక్కుట ఒక క్షణపు పని. కాని దానితో ఒక కుటుంబపు జీవనాధారమే మూలపడవచ్చును.