పరిశోధన పత్రికల ప్రచురణ నీతి

పరిశోధన ఫలితాలను రాసి పంపేవారు, వాటిని పరీక్షించేవారు, ప్రచురించేవారు పాటించవలసిన నియమాలన్నిటినీ కలిపి ప్రచురణ నీతి అంటారు. చేయని ప్రయోగం చేసినట్టు రాయకూడదు. ఇతరుల రాతను తనదిగా చెప్పుకోకూడదు. పనిచేసినవారి పేరు వదిలేయకూడదు, చేయనివారి పేరు చేర్చకూడదు. మనుషుల మీద, జంతువుల మీద చేసే పరిశోధనకు ముందే నైతిక సంఘం అనుమతి ఉండాలి. అచ్చయ్యాక తప్పు బయటపడితే నలుగురికీ తెలిసేలా దిద్దుకోవాలి. ఈ నియమాల్లో చాలావాటికి చట్టబలం లేదు. సంపాదకులు తమలో తాము చేసుకున్న కట్టుబాట్లు, విశ్వవిద్యాలయాల నిబంధనలు, పరిశోధనకు నిధులిచ్చే సంస్థల షరతులే వీటిని నిలబెడుతున్నాయి.

ఒక పత్రాన్ని చదివిన శాస్త్రవేత్త అందులోని ప్రయోగాన్ని సాధారణంగా మళ్లీ చేసి చూడరు. రాసినవారి మాట నమ్మి, దాని మీద తన పని మొదలుపెడతారు. వైద్యులైతే అదే నమ్మకంతో రోగికి మందు రాస్తారు. అందుకే పత్రం మీద పేరు వేసుకోవడం అంటే అందులోని ప్రతి అంకెకూ జవాబు చెప్పడానికి ఒప్పుకోవడమేనని ప్రచురణ నీతి భావిస్తుంది.

నేపథ్యం

1665 జనవరిలో పారిస్‌లో ‘జూర్నల్ దె సావాన్’, మార్చిలో లండన్‌లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదలయ్యాయి. రెండోదాన్ని రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ సొంత ఖర్చుతో నడిపారు. ఒక సంగతిని ముందుగా ఎవరు కనిపెట్టారన్న తగవులు తీర్చడం తొలి పత్రికల ముఖ్య ప్రయోజనాల్లో ఒకటి.

పీర్ రివ్యూ అని పిలిచే సాటి నిపుణుల సమీక్ష ఇప్పుడు పరిశోధన పత్రికకు ప్రాణం లాంటిది. అయితే అది అన్నిచోట్లా తప్పనిసరి అయింది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోనే. 1936లో ఐన్‌స్టైన్, నేథన్ రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాల మీద రాసిన పత్రాన్ని ‘ఫిజికల్ రివ్యూ’కు పంపారు. సంపాదకుడు దాన్ని మరో నిపుణుడికి చూపించారని తెలిసి, కోపంతో వెనక్కి తీసుకున్నారు. సమీక్షకుడు ఎత్తిచూపిన లోపం నిజమేనని తర్వాత తేలింది. చివరికి ఆ పత్రం సవరణలతో వేరే పత్రికలో వచ్చింది. ‘నేచర్’ పత్రిక సమీక్షను నియమబద్ధం చేసింది 1973లో.

మనుషులపై పరిశోధనకు సంబంధించి 1964 నాటి హెల్సింకి ప్రకటన మైలురాయి. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు సమావేశమై పత్రాల రూపురేఖలకు ఉమ్మడి నియమాలు రూపొందించారు. ఆ బృందమే తర్వాత అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల సంఘం అయింది. 1997లో బ్రిటన్‌లో మరికొందరు సంపాదకులు తమ దగ్గరికి వచ్చే చిక్కు కేసులను చర్చించుకోవడానికి కోప్ అనే ప్రచురణ నీతి సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఆరోపణ వచ్చినప్పుడు సంపాదకుడు ఒక్కో అడుగు ఎలా వేయాలో చెప్పే కోప్ పటాలను నేడు అన్ని శాస్త్రాల పత్రికలూ వాడుతున్నాయి.

రచయిత ఎవరు?

వైద్య పత్రికల సంపాదకుల సంఘం లెక్కలో రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులున్నాయి. పరిశోధన రూపకల్పనలో గానీ, సమాచార సేకరణ, విశ్లేషణలలో గానీ గణనీయమైన పాత్ర ఉండాలి. పత్రం రాయడంలోనో, దాన్ని కీలకంగా సవరించడంలోనో పాలుపంచుకోవాలి. తుది ప్రతిని ఆమోదించాలి. పనిలో ఏ భాగం గురించి ప్రశ్న వచ్చినా జవాబుదారీ వహించాలి. ఈ నాలుగోది 2013లో చేరింది. నిధులు తెచ్చినందుకో, శాఖాధిపతి అయినందుకో పేరు చేర్చడం చెల్లదు. అలా చేర్చే పేరును కానుక రచయిత అంటారు. పని చేసి రాసి కూడా పేరు లేకుండా ఉండిపోయేవారు అజ్ఞాత రచయితలు. మందుల కంపెనీలు డబ్బిచ్చి రాయించిన పత్రాలపై ప్రముఖ వైద్యుల పేర్లు పెట్టిన సందర్భాల్లో ఈ రెండు తప్పులూ ఒకేచోట కనిపిస్తాయి.

పనిచేసినవారికి దక్కవలసిన గుర్తింపు గురించి మాట్లాడేటప్పుడు తెలుగువారికి జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రావడం సహజం. భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. అది నేటికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగానే చెలామణి అవుతోంది. అయితే సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్క్ అసూయ కొద్దీ వెలుగు చూడనివ్వలేదని, అందుకే ఏళ్ల తర్వాత ఇతరులు వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందని 1988 నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఒకరి పని అచ్చుకు రాకుండా పోతే నష్టం ఆ ఒక్కరితో ఆగదు; శాస్త్రం అదే దారి రెండుసార్లు నడవవలసి వస్తుంది.

ఇలాంటి తగవులు తగ్గించడానికి ఎవరు ఏ పని చేశారో విడివిడిగా చెప్పే పద్ధతి 2014లో వచ్చింది. క్రెడిట్ అని పిలిచే ఈ జాబితాలో 14 పాత్రలున్నాయి.

మూడు పెద్ద తప్పులు

కల్పన, వక్రీకరణ, గ్రంథచౌర్యం. పరిశోధన రంగంలో ఇవి మూడూ మహాపరాధాలు. లేని ఫలితాన్ని పుట్టించడం కల్పన. ఉన్న ఫలితాన్ని, చిత్రాన్ని తనకు కావలసినట్టు మార్చడం, నచ్చని కొలతలను దాచడం వక్రీకరణ. ఇతరుల మాటలను, ఆలోచనలను, ఫలితాలను వారి పేరు చెప్పకుండా వాడుకోవడం గ్రంథచౌర్యం. తెలియక జరిగిన పొరపాటు, శాస్త్రపరమైన అభిప్రాయభేదం వీటి కిందికి రావు.

దక్షిణ కొరియాకు చెందిన హ్వాంగ్ వూ-సుక్ మానవ పిండాలను క్లోన్ చేసి మూలకణాలు తీసినట్టు 2004, 2005లలో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అవి కల్పితాలని సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం తేల్చడంతో 2006 జనవరిలో రెండు పత్రాలనూ పత్రిక ఉపసంహరించింది. మన దేశంలో పంజాబ్ విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రవేత్త వి.జె. గుప్తా ఉదంతం ప్రసిద్ధం. మొరాకోలో, న్యూయార్క్ రాష్ట్రంలో దొరికే రకం శిలాజాలను ఆయన హిమాలయాల్లో దొరికినట్టు చూపారని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ 1989లో ‘నేచర్’ ద్వారా బయటపెట్టారు. గుప్తా సహరచయితల్లో పలువురు ఆ శిలాజాలు దొరికాయన్న చోటును ఎన్నడూ చూడలేదు. ఆయన చేతికిచ్చినవాటిని గుర్తించి పేరు పెట్టారంతే.

తెలుగునాట కూడా ఇలాంటిది జరిగింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యుడొకరు 2004–2007 మధ్య విదేశీ పత్రికల్లో ప్రచురించిన 70కి పైగా పత్రాల్లో చౌర్యం, కల్పన ఉన్నాయని 2008లో వార్తలకెక్కింది.

చిత్రాల మాయ మరో సమస్య. ఎలిజబెత్ బిక్ బృందం 40 పత్రికల్లోని 20,621 జీవవైద్య పత్రాలను కంటితో పరిశీలించి 3.8 శాతం పత్రాల్లో ఒకే చిత్రాన్ని వేర్వేరు ఫలితాలుగా వాడిన అనుమానాస్పద సందర్భాలున్నాయని 2016లో ప్రకటించింది.

ఇంకా చిన్న తప్పులుగా కనిపించేవీ ఉన్నాయి. ఒకే పత్రాన్ని ఏకకాలంలో రెండు పత్రికలకు పంపడం, తన పాత పత్రంలోని భాగాలను చెప్పకుండా మళ్లీ అచ్చు వేయించుకోవడం, ఒక పరిశోధనను ముక్కలుచేసి పత్రాల సంఖ్య పెంచుకోవడం ఈ కోవలోవి.

సమీక్షకులు, సంపాదకులు

సమీక్షకుడి చేతికి వచ్చేది ఇంకా లోకం చూడని పని. దాన్ని ఇతరులకు చూపించకూడదు, అందులోని ఆలోచనను తన ప్రయోగానికి వాడుకోకూడదు. రచయిత తన శిష్యుడో, పోటీదారో అయినా, ఆ ఫలితంతో తనకు ఆర్థిక లాభనష్టాలున్నా ఆ సంగతి సంపాదకుడికి చెప్పి తప్పుకోవాలి. ఇలాంటి స్థితినే ప్రయోజన వైరుధ్యం అంటారు. రచయితలు కూడా నిధులు ఎవరిచ్చారో, ఏ కంపెనీలో వాటాలున్నాయో పత్రం చివర వెల్లడించాలి.

సంపాదకుడు పత్రాన్ని యోగ్యత బట్టే ఎంచుకోవాలి. ఉదహరింపుల సంఖ్యను బట్టి లెక్కించే తన పత్రిక ప్రభావ సూచికను పెంచుకోవడానికి ‘మా పాత పత్రాలను ఉదహరించండి’ అని రచయితలను ఒత్తిడి చేయడం తప్పు. సమీక్ష వ్యవస్థను మోసగించేవారూ ఉన్నారు. సమీక్షకులను సూచించమని పత్రికలు అడిగినప్పుడు దొంగ ఈమెయిల్ చిరునామాలు ఇచ్చి, తమ పత్రాలను తామే మెచ్చుకున్న ముఠా బయటపడడంతో 2014లో సేజ్ సంస్థ ఒకే పత్రికలోని 60 పత్రాలను ఉపసంహరించింది.

ప్రతికూల ఫలితాలను మరుగుపరచకుండా ఉండేందుకు, రోగులపై జరిపే ప్రయోగాన్ని మొదలుపెట్టక ముందే నమోదు చేయాలని వైద్య పత్రికల సంఘం 2005 నుంచి షరతు పెట్టింది. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జులైలో ప్రారంభమైంది. 2009 జూన్ 15 నుంచి అందులో నమోదు తప్పనిసరి.

దిద్దుబాటు, ఉపసంహరణ

అచ్చయిన పత్రంలో తప్పు తేలితే పత్రికకు మూడు మార్గాలున్నాయి. ముగింపును మార్చని చిన్న తప్పుకు సవరణ ప్రకటన సరిపోతుంది. విచారణ ఇంకా నడుస్తుంటే పాఠకులను హెచ్చరిస్తూ ఆందోళన ప్రకటన వేస్తారు. ఫలితాన్నే నమ్మలేని స్థితి వస్తే ఉపసంహరిస్తారు. అయితే ఉపసంహరించిన పత్రాన్ని మాయం చేయరు. ‘ఉపసంహృతం’ అన్న ముద్రతో, కారణం చెబుతూ అందుబాటులోనే ఉంచుతారు.

ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998లో ‘లాన్సెట్’లో 12 మంది పిల్లలపై రాసిన పత్రం తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు ఇచ్చే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టింది. టీకా కంపెనీలపై కేసు వేయబోతున్న న్యాయవాదుల నుంచి ఆయనకు డబ్బు అందిందని పాత్రికేయుడు బ్రయన్ డీర్ 2004లో వెల్లడించారు. సహరచయితల్లో 10 మంది ఆ వ్యాఖ్యానం నుంచి తప్పుకున్నారు. పత్రాన్ని పూర్తిగా ఉపసంహరించడానికి మాత్రం 2010 ఫిబ్రవరి వరకు పట్టింది. ఈ పన్నెండేళ్లలో బ్రిటన్‌లో టీకా వేయించేవారు తగ్గారు, తట్టు మళ్లీ తలెత్తింది.

దీనికి భిన్నంగా 2020 మే 22న అదే పత్రికలో వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ అధ్యయనాన్ని రెండు వారాల్లోనే, జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. ఆ అధ్యయనానికి ఆధారంగా 671 ఆస్పత్రులకు చెందిన 96,000 మంది కోవిడ్ రోగుల సమాచారం తమ దగ్గర ఉందన్న సర్జిస్పియర్ సంస్థ దాన్ని స్వతంత్ర తనిఖీకి ఇవ్వలేదు.

ఉపసంహరణ అంటే మోసమనే అర్థం కాదు. 2018 రసాయనశాస్త్ర నోబెల్ గ్రహీత ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ తన బృందం ఫలితాలు మళ్లీ రావడం లేదని గుర్తించి 2020 జనవరిలో పత్రాన్ని తానే వెనక్కి తీసుకుని, ఆ సంగతి క్షమాపణతో ప్రకటించారు. దానివల్ల ఆమె గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఉపసంహరణల సమాచారాన్ని 2010లో ఐవన్ ఒరాన్‌స్కీ, ఆడమ్ మార్కస్ ప్రారంభించిన రిట్రాక్షన్ వాచ్ సేకరిస్తోంది. 2023 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా 10,000కు పైగా పత్రాలను ఉపసంహరించారు. వాటిలో అత్యధికం హిందావీ సంస్థ పత్రికలవే.

దోపిడీ పత్రికలు

పాఠకుల నుంచి చందా తీసుకోకుండా రచయిత నుంచే ప్రచురణ రుసుము తీసుకునే పద్ధతి పెరగడంతో, సమీక్ష లేకుండానే డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. వీటికి దోపిడీ పత్రికలన్న పేరు 2010లో పెట్టింది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు జెఫ్రీ బీల్. రుసుము తీసుకునే పత్రికలన్నీ ఇలాంటివి కావు. అయితే పరిస్థితి తీవ్రతను పాత్రికేయుడు జాన్ బొహానన్ 2013లో ‘సైన్స్’ తరఫున చేసిన పరీక్ష చూపించింది. కావాలనే తప్పులతో రాసిన ఒక బూటకపు పత్రాన్ని ఆయన 304 పత్రికలకు పంపితే 157 పత్రికలు ఆమోదించాయి.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఓమిక్స్ సంస్థ పీర్ రివ్యూ గురించి, రుసుముల గురించి రచయితలను తప్పుదోవ పట్టించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019 మార్చిలో అక్కడి కోర్టు తీర్పు చెప్పింది.

పరిశోధక విద్యార్థుల్లో ఒక అపోహ ఉంది: ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్య ఉంటే గుర్తింపు పొందిన పత్రికేనని. వాహనానికి నంబరు ప్లేటు ఎలాగో పత్రికకు ఐఎస్‌ఎస్‌ఎన్ అలాగే. అది ఆనవాలే తప్ప నాణ్యతా పత్రం కాదు.

భారతదేశంలో నిబంధనలు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు జారీచేసింది. సిద్ధాంత వ్యాసంలో ఇతర రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే సవరించిన ప్రతిని ఏడాది దాకా సమర్పించనివ్వరు. 60 శాతం దాటితే నమోదే రద్దవుతుంది. అధ్యాపకుల పత్రాల్లో ఇది తేలితే పత్రం వెనక్కి తీసుకోవాలి. తీవ్రతను బట్టి ఇంక్రిమెంట్లు ఆగుతాయి, కొత్త విద్యార్థులకు మార్గదర్శకత్వం వహించే అవకాశం పోతుంది. అయితే పోలిక శాతాన్ని చెప్పే సాఫ్ట్‌వేర్ పదాలను పట్టుకుంటుంది గానీ దొంగిలించిన ఆలోచనను పట్టుకోలేదు. ఆ పని పర్యవేక్షకుడిదే.

పత్రికల జాబితా కథ మలుపులు తిరిగింది. సంఘం 2017లో ప్రకటించిన జాబితాలో దోపిడీ పత్రికలు చేరాయన్న విమర్శలు రాగా, 2018 మేలో 4,305 పత్రికలను తొలగించింది. 2019లో దాని స్థానంలో యూజీసీ–కేర్ జాబితా వచ్చింది. దాన్నీ నిలిపివేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించి, పత్రికలను ఎంచుకునే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది. పీహెచ్‌డీ కోర్సువర్కులో పరిశోధన, ప్రచురణ నీతిపై రెండు క్రెడిట్ల పాఠ్యాంశాన్ని కూడా సంఘమే ప్రవేశపెట్టింది. సిద్ధాంత వ్యాసం ఇవ్వక ముందే పత్రాలు ప్రచురించాలన్న నిబంధన 2022 నాటి నియమావళిలో లేదు. దోపిడీ పత్రికలకు గిరాకీ పెంచిన కారణాల్లో ఆ నిబంధన ఒకటన్న విమర్శ అంతకుముందే ఉండేది.

కొత్త సవాళ్లు

డబ్బుకు పత్రాలు తయారుచేసి, రచయిత స్థానాలు అమ్మే పేపర్ మిల్లులు ఇప్పుడు పత్రికలకు పెద్ద తలనొప్పి. చౌర్యం పట్టుబడకుండా యంత్రంతో పదాలు మార్పించడం వల్ల ‘కృత్రిమ మేధ’ ఉండవలసిన చోట ‘నకిలీ స్పృహ’ వంటి మాటలు శాస్త్ర పత్రాల్లో కనిపించాయి. గియోమ్ కబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ 2021లో వీటికి చిత్రహింసల పదబంధాలని పేరుపెట్టి, వాటి ఆధారంగా దొంగ పత్రాలను పట్టే పద్ధతి చూపించారు.

చాట్‌జీపీటీ వచ్చాక కొన్ని పత్రాల్లో దాన్ని సహరచయితగా చూపారు. కృత్రిమ మేధ సాధనం రచయిత కాజాలదని 2023లో కోప్, వైద్య పత్రికల సంపాదకుల సంఘం రెండూ ప్రకటించాయి. దాన్ని వాడుకుంటే ఎక్కడ, ఎలా వాడారో చెప్పాలి. అది రాసిన వాక్యంలో తప్పుంటే బాధ్యత పత్రంపై పేరున్న మనుషులదే. జవాబు చెప్పలేనిది రచయిత కాలేదన్న ఈ నిర్ణయానికి ఆధారం 2013 నాటి ఆ నాలుగో షరతే.