లెక్కల కచేరీ నుండి ప్రయోగశాలకు

1907వ సంవత్సరమున కలకత్తా నగరమునకు పదునెనిమిది సంవత్సరముల యువకుడొకడు భారత ప్రభుత్వపు ఆర్థికశాఖలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా వచ్చి చేరెను. ఆ కాలమున భారతీయునకు అంతకంటె గౌరవప్రదమైన కొలువు మిక్కిలి అరుదు. జీతము ఘనము, పింఛను నిశ్చయము, బంధువర్గమున పేరు ప్రతిష్ఠలకు కొదువలేదు. కచేరీకి ట్రాము బండిలో పోవుచు వచ్చుచు ఆయన ఒకనాడు బౌబజారు వీధిలో 210వ నంబరు భవనముపై ఒక పేరుపలకను చూచెను. విజ్ఞానశాస్త్రాభివృద్ధికై వెలసిన భారతీయ సంఘమని దాని భావము. బండి దిగి తలుపు తట్టగా, ఆశుతోష్ డే అను సంఘపు ఉద్యోగి వచ్చి తలుపు తీసెను. లోపల పెద్ద ఉపన్యాసశాలయు, దుమ్ము పట్టిన పరికరములును ఉండెను గాని, వానిని వాడువారు లేరు.

ఆ యువకుడే చంద్రశేఖర వేంకట రామన్. ఆయన 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి యొద్ద తమిళ కుటుంబమున జన్మించినను, బాల్యమంతయు గడచినది మన విశాఖపట్టణమునందే. తండ్రి చంద్రశేఖర అయ్యరు 1892లో అచ్చటి శ్రీమతి ఎ. వి. నరసింహారావు కళాశాలయందు గణిత, భౌతికశాస్త్రముల ఉపన్యాసకుడుగా చేరెను. ఆ సముద్రతీరముననే బాలుడు పదునొకండవ యేట మెట్రిక్యులేషనును, మరి రెండేండ్లకు ఎఫ్. ఏ. పరీక్షను ముగించి, 1903లో చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలకు పోయెను. మరుసటి యేడు బి. ఏ. పరీక్షయందు ప్రథముడై, భౌతికశాస్త్రమునకే గాక ఇంగ్లీషునకును బంగారు పతకమును గెలుచుకొనెను. శాస్త్రజ్ఞునకు భాష యేల అని అడుగువారు ఆ రెండవ పతకమును గుర్తుంచుకొనవలెను. ఆయన వ్యాసములు చదువరులను ఆకర్షించుటకు అదియు ఒక కారణము.

1906 నవంబరులో, ఎం. ఏ. విద్యార్థిగా నుండగనే, కాంతిని గూర్చి ఆయన వ్రాసిన తొలి వ్యాసము లండనులోని ఫిలసాఫికల్ మాగజైను అను పత్రికయందు ప్రకటింపబడెను. అట్టి విద్యార్థిని ఇంగ్లండు పంపుట సహజమే. కాని శరీరపరీక్ష చేసిన వైద్యాధికారి ఆ బక్కపలుచని దేహము అచ్చటి చలికి తాళజాలదని తేల్చెను. స్వదేశమున భారతీయునకు పరిశోధన వృత్తిగా నుండు అవకాశము నాడు లేనట్లే. కనుక ఆయన అంతకు ముందు చదువని చరిత్ర, అర్థశాస్త్రములను కొలది మాసములలో చదివి ఆర్థికశాఖ పోటీపరీక్షకు కూర్చుండి, అందును ప్రథముడాయెను. ఉద్యోగమున చేరుటకు ముందే లోకసుందరీ దేవితో వివాహమును జరిగెను.

బౌబజారు భవనమును నిర్మించినవాడు డాక్టరు మహేంద్రలాల్ సర్కారు. పాశ్చాత్య వైద్యమున పట్టభద్రుడై, పిదప హోమియోపతి నవలంబించిన ఆ మహనీయుడు 1876లో ఈ సంఘమును స్థాపించెను. భారతీయులు విజ్ఞానశాస్త్రమును వల్లించుటతో తృప్తి పడరాదు, స్వయముగా పెంపొందింపవలెనని ఆయన ఆశయము. ఉపన్యాసములు చక్కగా జరిగినవి, శ్రోతలును వచ్చిరి. పరిశోధకుడు మాత్రము రాలేదు. ఆ కొఱతతోనే సర్కారు 1904లో కన్నుమూసెను. మూడేండ్లకు అకౌంటు కచేరీ నుండి ఒక యువకుడు వచ్చి ప్రయోగశాలను వాడుకొనుటకు అనుమతి అడుగగా, కార్యదర్శిగా నున్న కుమారుడు అమృతలాల్ సర్కారు ఎంత పొంగిపోయెనో ఊహింపవచ్చును.

అది మొదలు పది సంవత్సరములు రామన్ దినచర్య ఒకే తీరున సాగెను. ఉదయము అయిదున్నరకు ప్రయోగశాల; తొమ్మిదిముప్పావుకు ఇల్లు చేరి, స్నానభోజనములు ముగించి కచేరీ; సాయంత్రము అయిదింటికి కచేరీ నుండి తిన్నగా మరల ప్రయోగశాల; రాత్రి తొమ్మిదిన్నరకో, పదింటికో గృహప్రవేశము. ఆదివారములందును పని అచ్చటనే. కొంతకాలమునకు సంఘపు భవనమును ఆనుకొనియున్న ఇంటికే కాపురము మార్చి, నేరుగా ప్రయోగశాలలోనికి పోవుటకు గోడకొక ద్వారమును పెట్టించుకొనెను. అట్టి భర్తతో సంసారము నడపిన లోకసుందరీ దేవి ఓర్పును చరిత్రకారులు తగినంతగా లెక్కకు తీసికొనలేదు.

బదిలీలు మాత్రము తప్పలేదు. 1909లో రంగూను, 1910లో నాగపూరు. బదిలీ ఉత్తరువు వచ్చినపుడు సామాను కట్టుట, కొత్త యూరిలో ఇల్లు వెదకుట, పిల్లల బడి చూచుట అన్నవి కేంద్రోద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు. చేపట్టిన పని తెగిపోవుటకు అంతకంటె మంచి సాకు దొరకదు. రామన్ ఆ సాకును వాడుకొనలేదు. ఉన్న ఇంటనే ఒక గదిని ప్రయోగశాలగా మార్చుకొని పని సాగించెను. తండ్రి మరణించినపుడు సెలవుపై చెన్నపట్టణమునకు పోయి, ఆ సెలవునందును తాను చదివిన కళాశాలలో ప్రయోగములు చేసెను. 1911లో మరల కలకత్తా చేరెను.

ఈ దశలో ఆయన ఎన్నుకొనిన విషయములు గమనింపదగినవి. విలువగల యంత్రములు లేవు. సహాయకుడు ఆశుబాబు ఒక్కడే. కనుక తీగల కంపనములు, వయొలిన్ నాదము, ఏకతార మున్నగు వానిని చేపట్టెను. మన మృదంగము, తబలాల మధ్యనుండు నల్లని పూత వలననే ఆ వాద్యములలో శ్రుతిబద్ధమైన అనుస్వరములు పుట్టునని 1920లో ఒక సహచరునితో కలిసి ప్రకటించెను. దొడ్డ పరికరములు వచ్చిన పిమ్మట పని మొదలుపెట్టుదమని వేచియున్నచో ఆయన అకౌంటెంటు జనరలుగానే పదవీ విరమణ చేసియుండెడివాడు. చేతిలోనున్న సాధనములకు తగిన ప్రశ్నను వెదకుకొనుట ఆయనకు అబ్బిన గొప్ప విద్య.

ఇంతలో కలకత్తా విశ్వవిద్యాలయమునకు ప్రాణమువంటి సర్ ఆశుతోష్ ముఖర్జీ దృష్టి ఆయనపై పడెను. హైకోర్టు న్యాయమూర్తిగా నుండుచునే విశ్వవిద్యాలయమును పెంచిన ముఖర్జీ, న్యాయవాది తారకనాథ్ పాలిత్ ఇచ్చిన విరాళముతో నూతన విజ్ఞాన కళాశాలను నెలకొల్పెను. అందు రసాయనశాస్త్రపు పాలిత్ ఆచార్యుడు ప్రఫుల్లచంద్ర రాయ్. భౌతికశాస్త్రపు పీఠమునకు రామన్‌ను ఆహ్వానించిరి. చిక్కులు రెండు. ఆచార్యుని జీతము ప్రభుత్వ జీతమున సుమారు సగమే. అదిగాక, పీఠమును అధిష్ఠించువాడు విదేశములలో శిక్షణ పొందవలెనను నియమమొకటి యుండెను. మొదటిదానిని రామన్ లెక్కచేయలేదు. రెండవదానికి ఒప్పుకొనలేదు, నేర్చుకొనుటకై విదేశమునకు పోనని నిష్కర్షగా చెప్పెను. ముఖర్జీ ఆ నియమమునే సడలింపజేసెను. 1917 జూలైలో రామన్ ప్రభుత్వోద్యోగమును విడిచి ఆచార్యుడాయెను.

ఇది సాహసమేగాని, కనులు మూసికొని దుమికిన సాహసము కాదు. పది సంవత్సరములు ఉద్యోగపు నీడనే పరిశోధకుడుగా బ్రతికి చూచినవాడు ఆయన. పీఠము వచ్చి ఆయనను శాస్త్రజ్ఞుని చేయలేదు. శాస్త్రజ్ఞుడైన పిదపనే పీఠము వచ్చెను. మనస్సునకు నచ్చిన పని ఏదియో తెలియక ముందే రాజీనామా వ్రాయువారికిని, తెలిసిన పిమ్మటను వ్రాయలేనివారికిని మధ్యనున్న మార్గమిది.

1921లో ఆయన మొదటిసారి ఐరోపాకు పోయెను, విద్యార్థిగా కాదు, విశ్వవిద్యాలయముల మహాసభకు ప్రతినిధిగా. తిరుగు ప్రయాణమున నర్కుండా నౌకపై మధ్యధరా సముద్రపు నీలిమ ఆయనను ఆకట్టుకొనెను. అది ఆకాశపు ప్రతిబింబము మాత్రమేయని లార్డు రేలీ వంటి పెద్దల అభిప్రాయము. రామన్ తన వద్దనున్న నికల్ పట్టకముతో ప్రతిఫలించిన కాంతిని తొలగించి చూడగా నీలిరంగు తగ్గకపోగా మరింత ప్రస్ఫుటమయ్యెను. నీటి అణువులే కాంతిని వెదజల్లుచున్నవని ఆయన తేల్చెను. విశాఖ తీరమున పెరిగినవాడు సముద్రమును చూచుట కొత్త కాదు; కాని ఈ మారు చూపులో ప్రశ్న యుండెను. ఆ ప్రశ్ననే శిష్యులకు పంచిపెట్టి ఏడేండ్లు వదలక నడపెను.

ఆ శిష్యులలో ఎస్. వేంకటేశ్వరన్ అనువాడొకడు. ఆయన ఆలీపూరులోని ప్రభుత్వ టెస్ట్ హౌసున ఉద్యోగి. గురువు పూర్వము చేసినట్లే కచేరీ వేళలు ముగిసిన తరువాతను, సెలవుదినములందును వచ్చి పనిచేయుచుండెను. 1927 చివర, శుద్ధిచేసిన గ్లిసరిన్ ద్రవము నుండి వెలువడు కాంతి నీలముగా గాక పచ్చగా నుండుటను ఆయన గమనించెను. అసలు జాడ చిక్కిన సమయమది. కాని తీరిక వేళల పని కనుక దానిని ఎడతెగక సాగించుట ఆయనకు సాధ్యము కాలేదు. 1928 ఆరంభమున రామన్ ఆ పనిని కె. ఎస్. కృష్ణన్‌కు అప్పగించెను. సూర్యకాంతిని దూరదర్శినితో కేంద్రీకరించి, నీలపు గాజు గుండ ద్రవములోనికి పంపి, అడ్డముగా వచ్చు కాంతిని ఆకుపచ్చని గాజు గుండ చూచిరి. రంగు మారనిచో రెండవ గాజునుండి ఏమియు కనబడరాదు. కనబడెను. సుమారు అరువది ద్రవములలో కనబడెను. ఫిబ్రవరి 28న పాదరసపు దీపకాంతిని వర్ణదర్శినితో పరిశీలింపగా కొత్త రేఖలు స్పష్టమాయెను. అణువులు వెదజల్లిన కాంతిలో సుమారు కోటికి ఒక పాలు మాత్రమే ఇట్లు రంగు మారును. ఆ మార్పు ఏ అణువునకు తగినట్లు ఆ అణువునకు వేరుగా నుండును. 1930లో నోబెల్ బహుమానము లభించెను. 1987 నుండి ఆ ఫిబ్రవరి 28నే దేశమున జాతీయ విజ్ఞాన దినముగా జరుపుకొనుచున్నారు.

ఈ కథ అంతయు వెన్నెల కాదు. బహుమానము రామన్‌కు ఒక్కనికే వచ్చుటచే కృష్ణన్ పాలును గూర్చిన చర్చ పిదప ఎడతెగక సాగినది. ఆ కృష్ణనే 1947లో ఢిల్లీలోని జాతీయ భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ప్రథమ డైరెక్టరాయెను. రామన్ 1933లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు డైరెక్టరుగా పోయి, వివాదముల నడుమ 1937లో ఆ పదవిని విడువవలసి వచ్చెను. పదవి పోయినను ఆచార్యత్వము నిలిచెను. 1948లో స్వంత పరిశోధనాలయమును స్థాపించుకొనెను. పరిపాలనలో ఆయనకు ఓర్పు తక్కువ అన్నమాట నిజమే.

1928లోనే కలకత్తాకు ఒక తెలుగు యువకుడు చేరెను. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, హైదరాబాదు నిజాము కళాశాలలో చదివిన సూరి భగవంతం. గురువు వద్ద కాంతి విక్షేపణమును అభ్యసించి, 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు అధ్యాపకుడుగా చేరెను. రామన్ బాల్యమున తిరిగిన ఊరికే ఆయన విద్య ఈ విధముగ చేరినది. అచ్చటనే భగవంతం రామన్ ఫలితమును గూర్చిన గ్రంథమును 1940లోను, టి. వేంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతమును భౌతికశాస్త్రమునకు అన్వయించు గ్రంథమును 1948లోను ప్రకటించెను. తరువాత ఉస్మానియా వైస్ ఛాన్సలరు, బెంగుళూరు విజ్ఞానసంస్థ డైరెక్టరు.

1961లో ఆయన రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుడుగా ఢిల్లీకి వచ్చి 1969 వరకు ఆ కార్యభారమును వహించెను. గురువు కచేరీని వదలి ప్రయోగశాలకు పోయిన నలుబదినాలుగేండ్లకు శిష్యుడు ప్రయోగశాల నుండి కచేరీకి వచ్చెను. అప్పటికి డెబ్బదియేండ్లు దాటిన రామన్ బెంగుళూరులో తన పరిశోధనాలయమున పూల రంగులను, రత్నముల కాంతిని, కంటిచూపు రహస్యమును పరిశీలించుచుండెను.